రోగశేషంలో రసాలు: మన పెసరకట్టు నుంచి పాతబస్తీ మరగ్ దాకా

జహనుమాలో నా వైద్యశాల తలుపు తీసేది ఉదయం ఏడు గంటలకు. ఆ వేళకు వీధి మలుపులోని హోటలులో నహారీ సగానికి పైగా ఖాళీ అయి ఉంటుంది. స్టీలు డబ్బాలు చేత పట్టుకొని వచ్చే పిల్లలు, ఫజర్ నమాజు ముగించుకొని నేరుగా బల్లల ముందు కూర్చొనే పెద్దలు, దేగ్చా మూత తీసినప్పుడల్లా లేచే ఆవిరి, ముప్పైయేళ్ళకు పైబడి నేను చూస్తున్న దృశ్యమిది. నేను పుట్టుక చేత శాకాహారిని, నేటివరకు ఆ గిన్నె రుచి చూడలేదు. అయినా దాని గుణదోషాలను గురించి రోగులు నన్ను అడగని వారం లేదు. "జ్వరం తగ్గింది, పాయా తాగవచ్చునా?" "డెంగ్యూ వచ్చి పోయింది, మటన్ సూపు ఇస్తే రక్తం పడుతుందా?" "మా అమ్మాయి పురుడు పోసుకున్నది, బొక్కల రసం మంచిదా?" ఈ ప్రశ్నలకు నేను ఒక్కొక్కరికి చెప్పే సమాధానాన్నే పాఠకుల సౌకర్యార్థం ఇక్కడ కొంత విపులంగా వ్రాస్తున్నాను.

ముందుగా ఒక చిన్నమాట. సంస్కృతంలో 'సూపము' అంటే ఉడికిన పప్పు, 'సూపకారుడు' అంటే వంటవాడు. ఇంగ్లీషువారి 'సూప్' అన్న మాట దీనినుంచే పుట్టిందని కొందరు ఉత్సాహవంతులు చెబుతారు. అది కేవలం ధ్వనిసామ్యమే. ఫ్రెంచివారు రసంలో నానవేసిన రొట్టె ముక్కను పిలిచిన పేరు నుంచి వారి మాట వచ్చినది. మాట మనది కాకపోయినా వస్తువు మాత్రం మనకు కొత్తది కాదు.

చరకసంహిత సూత్రస్థానంలోని రెండవ అధ్యాయంలోనే ఇరవై ఎనిమిది విధాల యవాగువులు, అనగా ఔషధ ద్రవ్యాలతో కాచిన జావలు, చెప్పబడినవి. ఇరవై ఏడవ అధ్యాయంలో మండము, పేయ, విలేపి, యూషము, మాంసరసము అన్నవాటి గుణాలు విడివిడిగా ఉన్నవి. మన ఇళ్ళలో వీటన్నింటికీ పేర్లు ఉన్నవి, మనమే గుర్తించము. బియ్యపు గంజి పైతేట మండము. మెతుకు కొద్దిగా కలిసిన పలుచని గంజి పేయ. మెతుకు ఎక్కువై, నీరు తక్కువై, గరిటెకు అంటుకొనే జావ విలేపి. పప్పు ఉడికించి వంచిన తేట యూషము, దానినే మన అమ్మమ్మలు 'కట్టు' అన్నారు. పెసరకట్టు, కందికట్టు అనే మాటలు ఇప్పటికీ పల్లెలలో వినబడతాయి. కొలతలు కూడ శాస్త్రం చెప్పినది. మండానికి బియ్యానికి పదునాలుగు రెట్లు నీరు, విలేపికి నాలుగు రెట్లు, పప్పుధాన్యపు యూషానికి పదునెనిమిది రెట్లు. ప్రతి వంటవాడికీ తెలిసిన సంగతే శాస్త్రకారుడు లెక్క కట్టి చూపినాడు. నీరు ఎక్కువైన కొద్దీ పదార్థం లఘువు, తక్కువైన కొద్దీ గురువు.

ఈ లఘుగురు భేదమే మొత్తం విషయానికి కీలకం. వమన విరేచనాలు చేయించిన తరువాత రోగి జఠరాగ్ని మిక్కిలి మందంగా ఉంటుంది. అప్పుడు ఒక క్రమంలో ఆహారం ఇవ్వవలెను, దానికి సంసర్జన క్రమమని పేరు. మొదట పేయ, తరువాత విలేపి, ఆపైన ఉప్పు, నేయి, కారం లేని యూషం (అకృత యూషము), అవి చేర్చిన యూషం (కృత యూషము), ఆ తరువాతనే మాంసరసం, అదీ మొదట అకృతం, పిదప కృతం. శోధన బాగుగా జరిగినవానికి ఒక్కొక్క మెట్టు మూడు భోజన కాలాలు, మధ్యమంగా జరిగినవానికి రెండు, స్వల్పంగా జరిగినవానికి ఒకటి. ఆరిపోవచ్చిన నిప్పును గడ్డిపోచతో మొదలుపెట్టి, పుల్లతో, తరువాత కట్టెతో రాజవేసినట్టు అగ్నిని పెంచుకొని రావలెనని గురువులు ఉపమానం చెప్పేవారు. పంచకర్మ చేయించుకొనేవారు నేడు కొద్దిమందే కావచ్చు. కాని దీర్ఘజ్వరం నుంచి లేచినవాని అగ్ని కూడ అదే స్థితిలో ఉంటుంది గనుక ఈ మెట్లు ప్రతి ఇంటికీ పనికివచ్చేవే.

ఇక పాతబస్తీ గిన్నెల సంగతికి వస్తాను. ఇక్కడ ప్రధానంగా నాలుగు రసాలు ఉన్నవి. యఖ్నీ అంటే ఎముకతో కూడిన మాంసాన్ని స్వల్ప మసాలాతో కాచి వడగట్టిన తేట. పాయా అంటే మేకకాళ్ళ రసం. నహారీ అనే పేరు అరబ్బీలో పగలని అర్థమిచ్చే 'నహార్' నుంచి వచ్చినది. హైదరాబాదులో కాళ్ళు, నాలుక కలిపి రాత్రంతా సన్నని సెగ మీద ఉంచి తెల్లవారుజామున వడ్డిస్తారు, దానితో నాలుగు మూలల నాన్ గాని కుల్చా గాని ఉంటుంది. నయాపూల్ దగ్గరి నాయాబ్, ఘాన్సీబజారులోని షాదాబ్ వంటి హోటళ్ళ పేర్లు నగరమంతటా తెలిసినవే. నాలుగవది మరగ్. అరబ్బీలో 'మరఖ్' అంటే రసమే. నిజాం సైన్యంలో కొలువుకు హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి, బార్కస్‌లో స్థిరపడిన అరబ్బుల వంటగా దీనిని చెబుతారు. బార్కస్ అన్న పేరు కూడ సైనికుల 'బారక్స్' నుంచి వచ్చినదే. నేడు పాతబస్తీ పెళ్ళి విందులలో మొదట వచ్చే గిన్నె మరగ్‌దే.

ఒకసారి నా దగ్గరకు వచ్చే వృద్ధ వంటవాడు ఒకాయన నహారీలో వేసే 'పొట్లీ కా మసాలా'ను కాగితంలో పొట్లం కట్టి నాకు చూపించడానికి తెచ్చినాడు. విప్పి చూసి ఆశ్చర్యపోయినాను. అందులో నా ఔషధాల అలమర సగం ఉన్నది. ఖస్ అంటే మన వట్టివేరు. సందల్ అంటే చందనం. పాన్ కీ జడ్ అంటే దుంపరాష్ట్రం. పత్థర్ కా ఫూల్ అంటే రాతిపువ్వు, శాస్త్రంలో శైలేయం. కపూర్ కచ్రీ అంటే గంధకచోరాలు. ఇవి గాక ఎండు గులాబి రేకులు, బిర్యానీ ఆకు. వీటినన్నింటిని పలుచని గుడ్డలో మూటకట్టి రసంలో వేలాడదీస్తారు, దించేముందు పిండి తీసివేస్తారు. మాంసరసం స్వభావం చేత గురువు, స్నిగ్ధము, ఉష్ణము. దుంపరాష్ట్రం, కచోరాలు ఆ గురుత్వాన్ని జీర్ణం చేయించే దీపన ద్రవ్యాలు. వట్టివేరు, చందనం, గులాబి శీతవీర్యాలు, రసం చేసే వేడిని అణచుతాయి. ఈ కూర్పు ఏ సంహితను చూసి చేసినది కాదని ఆ పెద్దాయనే నవ్వుతూ చెప్పినాడు. వారి తాతల నాటి నుంచి చేయి చెప్పిన లెక్క అది. అయితే చార్మినారు దగ్గరి నిజామియా యూనానీ వైద్యశాల నీడలో పెరిగిన ఊరు ఇది. యఖ్నీ, బార్లీ జావ (ఆష్-ఎ-జౌ) కోలుకొనేవారికి వ్రాసే హకీములు తరతరాలుగా ఉన్నచోట వంటవాళ్ళకు ద్రవ్యగుణం కొంత అంటుకొనడంలో వింత లేదు.

ఇంత మంచి కూర్పు గల రసం రోగికి చెరుపు ఎట్లా చేస్తుందో, నా స్వంత పొరపాటుతో కలిపి చెబుతాను.

2021 మే నెలాఖరు. మా వీధికి రెండు సందుల అవతల ఉండే ఒక జరీ పనివాడు, వయస్సు యాభై అయిదు దాటినది, కోవిడ్‌తో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చినాడు. బంధువులందరూ ప్రేమతో పాయా పంపినారు. పూటకొక గిన్నె, దానిలో నానవేసిన కుల్చా. నాలుగవనాడు కడుపుబ్బరం, వాంతులు, నీళ్ళ విరేచనాలు పట్టుకొన్నవి. నన్ను పిలిచినారు. నాలుక మీద మందమైన పూత, నాడి క్షీణం, ఆకలి లేదు. ఆసుపత్రి వైద్యునితో ఫోనులో మాట్లాడి, వారిచ్చిన మందులు ఆపకుండా, స్టిరాయిడ్లు వాడినందున చక్కెర పరీక్ష కూడ చేయించి, ఆహారం నా చేతిలోకి తీసుకొన్నాను. పాయా పూర్తిగా మాన్పించి పేలాల మండము, ఆపైన పెసరకట్టు పెట్టించినాను. రెండు రోజులలో వాంతులు, విరేచనాలు నిలిచినవి. ఇల్లంతా సంతోషించినది, నేనూ సంతోషించినాను.

తప్పు ఆ తరువాత జరిగినది. మెట్లు ఎక్కించవలసినవాడిని మొదటి మెట్టుమీదనే కూర్చోబెట్టినాను. పెసరకట్టు, పెసరకట్టు, మరల పెసరకట్టు. పదిరోజులు గడిచినవి. ఆకలి వస్తున్న లక్షణాలు కనబడుతున్నా, "పెసలను మించిన పథ్యం లేదు" అని నాకు నేనే చెప్పుకొన్నాను. నిజానికి ఆ మాట వెనుక శాస్త్రం ఎంతో, నా అలవాటు కూడ అంతే ఉన్నది. ఒక సాయంత్రం ఆయన భార్య వైద్యశాల గడప దగ్గర నిలబడి, "హకీమ్ సాబ్, ఆప్ కీ దాల్ కా పానీ దేఖ్ కే ఇనో మూ ఫేర్ లేరై" అన్నది. పప్పునీళ్ళు చూస్తేనే మొగం తిప్పుకొంటున్నాడట. తూకం చూపిస్తే ఇంటికి వచ్చిననాడు యాభై ఎనిమిది కిలోలు ఉన్నవాడు యాభై నాలుగుకు దిగినాడు. లేచి నిలబడితే కాళ్ళు వణకుతున్నవి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గురుకులంలో మా గురువుగారు ఓకసాత్మ్యం గురించి చెప్పిన పాఠం గుర్తుకు వచ్చినది. ఎవరు ఏ ఆహారానికి చిన్ననాటినుంచి అలవాటుపడి ఉంటారో అది వారి దేహానికి సాత్మ్యం అవుతుంది. ఆయన నిష్ఠాపరులైన శాకాహారి. అయినా చికిత్సాస్థానంలో రాజయక్ష్మ పాఠం వచ్చినప్పుడు మాంసరసాల విధానాన్ని ఒక్క అక్షరం విడవకుండా చెప్పి, అప్పగించుకొన్నారు. "నీవు తినవద్దు. కాని వ్రాయవలసినచోట వ్రాయకపోతే అది ఆచారం కాదు, అజ్ఞానం" అన్నది వారి మాట. ఆ అధ్యాయంలోనే, రోగి అసహ్యపడే మాంసాలను ఇష్టమైన పక్షుల పేర్లు చెప్పి తినిపించమని కూడ ఉన్నది. రోగిని అట్లా మభ్యపెట్టడం నేను సమ్మతించను. అయినా రోగి మనస్సుకు నచ్చనిది ఒంటికి పట్టదని ఆచార్యుడు ఎంతగా ఎరిగి ఉన్నాడో దానివలన తెలుస్తుంది. తర్పణం చేసేవాటిలో, అంటే క్షీణించిన దేహానికి తృప్తినిచ్చేవాటిలో, మాంసరసం శ్రేష్ఠమని సూత్రస్థానంలోనే ఉన్నది. చదివినవాడినే, అయినా మరచినాను.

మరునాడు వారి ఇంటికి వెళ్ళి, "పాయా కాదు, యఖ్నీ చేయండి, నేను చెప్పిన కొలతతో" అని కూర్చొని చేయించినాను. నూనె లేదు, కారం లేదు, పైన తేలిన కొవ్వు అంతా తీసివేయించినాను. మొదటిపూట అరవై మిల్లీలీటర్లు, చిన్న టీ గ్లాసులో. ఆ వాసన తగలగానే ఆయన కళ్ళు తెరిచి చూసిన చూపును నేను మరువలేను. రెండురోజులు అట్లా ఇచ్చి, మూడవనాడు సైంధవలవణం, శొంఠి, మిరియం చేర్చినాము. ఆ తరువాత మెత్తగా ఉడికిన ఖిచిడీలో కలిపి, పిదప పుల్కాతో. నాలుగవ వారానికి బరువు యాభై ఏడు చూపించినది. ఆ ఏడు జూలై 21న బక్రీదు వచ్చినది. ఆనాడు మరగ్ గిన్నె ముందు కూర్చొన్నాడని, అయితే నేను చెప్పినట్టు ఒక్క గిన్నెతో ఆపినాడని ఆమె కబురు పంపినది.

దీనిలో గమనించవలసినది ఏమంటే, ఒకే మేక నుంచి వచ్చిన రెండు రసాలలో ఒకటి చెరుపు చేసినది, మరొకటి మేలు చేసినది. పాయాలో కొవ్వు, జిగురు అధికం. ఆ జిగురు చర్మం, స్నాయువులు ఉడికితే వచ్చే జెలటిన్. అది చిక్కగా, గురువుగా ఉంటుంది. అగ్ని బాగున్నవానికి చలికాలపు ఉదయాన అది హాయి. మంచం దిగనివానికి భారం. మరొక అపోహ కూడ తొలగించుకొనవలెను. బొక్కల రసంలో సున్నం దండిగా దిగుతుందని, విరిగిన ఎముక దానితో అతుకుతుందని చాలామంది నమ్మకం. ఎముక ఎంతసేపు కాచినా నీటిలోకి దిగే కాల్షియం స్వల్పమే. దానికోసం అయితే పాలు, పెరుగు, రాగులు, నువ్వులు ఉన్నవి. నూరు గ్రాముల రాగులలో మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. విరిగిన ఎముకవానికి రాగిజావ ఇచ్చి, రుచికోసం యఖ్నీ ఇవ్వండి.

ఇక చేసే విధానాలు. పెసరకట్టుకు చాయ పెసరపప్పు యాభై గ్రాములు దోరగా వేయించి, తొమ్మిదివందల మిల్లీలీటర్ల నీటిలో మూత వార పెట్టి సన్నని సెగపై సగానికి మరిగించి, మెదపకుండా తేట వంచుకొనవలెను. మెదిపితే అది పప్పు అవుతుంది, కట్టు కాదు. మొదటి రోజు ఉత్తదే ఇవ్వవలెను. రెండవరోజు నుంచి చిటికెడు శొంఠి, సైంధవలవణం, అరచెంచా నేతిలో జీలకర్ర పోపు. కొంచెం పొట్లకాయ ముక్కలు చేర్చి కాచితే జ్వరశేషానికి మరింత మంచిది. కుక్కరులో చేయవచ్చునా అని గృహిణులు అడుగుతారు. చేయవచ్చును, కాని తేట పలుచగా దిగదు.

ఉలవకట్టు వేరు స్వభావం. యాభై గ్రాముల ఉలవలు రాత్రి నానవేసి, అంతే నీటిలో పావు వంతు మిగిలేటట్టు కాచి, శొంఠి, పిప్పలి పొడి చేర్చి తాగితే పడిశం, కఫంతో కూడిన దగ్గు, చలికాలపు నొప్పులకు హితం. పశువులకు ఉలవలు ఉడకబెట్టగా మిగిలిన నీటిని మరిగించి ఉలవచారు చేసుకొన్న మన రైతు ఇల్లాలి తెలివికి నమస్కరించవలెను. నేటి హోటళ్ళలో దానిమీద మీగడ వేసి విందు వంటకంగా మార్చినారు. రుచికి బాగుండవచ్చు, కాని కఫం పోవడానికి తాగేవాడు మీగడ లేకుండా తాగవలెను. ఉలవలు పిత్తాన్ని, రక్తాన్ని ప్రకోపింపజేస్తాయి గనుక కడుపులో మంట, పుండు, రక్తస్రావం ఉన్నవారు తాకరాదు. మూత్రంలో రాళ్ళకు ఉలవకట్టు సంప్రదాయ వైద్యమే అయినా, భరించరాని నొప్పి, జ్వరం, మూత్రబంధం ఉంటే ఉలవలు నానవేస్తూ కూర్చొనరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను.

యఖ్నీకి నేను ఆ ఇంట చేయించిన కొలత ఇది. మెడ లేక చాప భాగం నుంచి ఎముకతో కూడిన లేత మేకమాంసం పావుకిలో, నీరు రెండు లీటర్లు, చితగ్గొట్టిన ధనియాలు ఒక చెంచా, అల్లం అంగుళం ముక్క, దాల్చినచెక్క చిన్నది. ఇష్టమైతే గుడ్డలో కట్టిన వట్టివేరు నాలుగు పోచలు. మొదట పొంగే నురుగు తీసివేసి, రెండు గంటలు సన్నసెగపై అరలీటరు మిగిలేవరకు కాచి వడగట్టవలెను. చల్లారిన తరువాత ఫ్రిజ్‌లో ఉంచితే కొవ్వు పైన గడ్డకడుతుంది, దానిని చెంచాతో ఎత్తివేయుట సులభం. బయట రెండు గంటలకు మించి ఉంచరాదు, తాగబోయే ముందు మరల తెర్లునట్టు కాచవలెను. కోలుకొనేవానికి పాచిరసం విషంతో సమానం.

రసాలు అందరికీ కావు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు తమ వైద్యుని అడగనిదే మాంసరసం గాని, పప్పుకట్టు గాని నియమంగా తాగరాదు. కీళ్ళలో యూరిక్ ఆమ్లం చేరే వాతరక్త రోగులకు నహారీ, పాయా, మరగ్ మూడూ అపథ్యాలే. రక్తపోటు ఉన్నవారు ఉప్పు చూసుకొనవలెను. రోజంతటికీ అయిదు గ్రాములకు లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. హోటలు సూపు గిన్నెలో దానిలో పెద్ద భాగం ఒకేసారి చేరవచ్చు. కార్న్‌ఫ్లోర్ వేసి చిక్కబరచిన స్వీట్‌కార్న్, మంచావ్ సూపులు ఆకలిని రేపడానికి బదులు కప్పివేస్తాయి. చక్కెరవ్యాధి ఉన్నవారికి ఆ చిక్కదనం పిండి నుంచి వచ్చినదని తెలిసి ఉండవలెను. రంజాను హలీము రసం కాదు, గోధుమ, మాంసం కలిసి మెదిగిన ముద్ద. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన ఊరి కీర్తి అది, నాకు గౌరవమే. అయినా జ్వరం తగ్గిన వారంలో దానిని పెట్టకండి. మరొకటి, టైఫాయిడు, డెంగ్యూ, కామెర్ల వంటి వ్యాధులలో రసాలు ఆహారమే తప్ప మందు కాదు. వైద్యుడు వ్రాసిన మందు పూర్తికాలం వాడవలసినదే.

హోటలు నుంచి నహారీ, మరగ్ ఇంటికి తెప్పించుకొనేవారికి ఒక సూచన. పొగలు చిమ్మే రసాన్ని పలుచని పాలిథిన్ సంచీలో పోయించుకొనకండి, ఇంటినుంచి స్టీలు క్యారియరు పంపండి. తెచ్చిన వెంటనే పైన ఎర్రగా తేలే రోగన్‌ను గరిటెతో తీసి పక్కన పెట్టి, మిగిలినదానిని మరొకసారి మరిగించి, నిమ్మచెక్క పిండుకొని, ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవారే తాగండి. రోగి గిన్నె మాత్రం ఇంటి పొయ్యిమీదనే కాగవలెను.